కాకతీయ అన్న పేరు అమ్మవారిదా, ఊరిదా? బోర్డు మీద ఏం రాయాలి?

కోటవాకిలి:
అందరికీ నమస్కారం. ఓరుగల్లు కోటకు, వేయిస్తంభాల గుడికి వచ్చే బడిపిల్లల కోసం ఒక చిన్న వివరణ బోర్డు తయారవుతున్నది. అందులో నాలుగు వాక్యాలు "కాకతీయ" అన్న పేరు గురించి ఉండాలి. ఇప్పటికి చేతికొచ్చిన సమాధానాలు ఇవి: ఒకటి, కాకతి అనే అమ్మవారి భక్తులు కాబట్టి కాకతీయులు. రెండు, కాకతి అనే ఊరి నుంచి వచ్చారు కాబట్టి. మూడు, కాకతి అంటే గుమ్మడికాయ, అది జైన దేవత కూష్మాండిని పేరు. నాలుగు, కాకికి సంబంధించిన మాట.

ఏది ఏ శాసనంలో ఉంది, ఏది తర్వాత పుట్టిన మాట అన్నది తేల్చి చెప్పగలరా? "కొందరి అభిప్రాయం ప్రకారం" అని నాలుగూ వరసగా పెడితే పిల్లలకు ఏమీ అందదు. ఆధారం బలంగా ఉన్నదే రాయాలని ఉంది. ఇంకొక్కటి: "కాకతీయ"లో తీ ఎందుకు దీర్ఘం? పాత బోర్డుల్లో కాకతియ, కాకాతీయ అని రెండు రకాలుగా కనబడుతున్నది.

లిపిబడి:
మంచి ప్రశ్న. దీన్ని అర్థం వైపు నుంచి మొదలుపెడితే ఎటూ తేలదు. తేదీల వైపు నుంచి రండి. ఏ మాట ఏ సంవత్సరంలో, ఎవరి నోట వచ్చిందో వరసగా పెట్టుకుంటే దారి కనబడుతుంది.

అన్నిటికంటే పాతది మాగల్లు రాగిశాసనం, క్రీ.శ. 956. ఇచ్చింది తూర్పు చాళుక్య రాజు దానార్ణవుడు. అడిగి ఇప్పించింది "కాకర్త్య గుండ్యన". గమనించండి, ఇక్కడ పేరు కాకతీయ కాదు, కాకతి కూడా కాదు, కాకర్త్య. ఆ మాటకు అర్థమేమిటో శాసనం చెప్పదు. ఇంటిపేరులాగా వాడి వదిలేసింది. గుండ్యన పూర్వీకుల పేర్ల వెనక "రాష్ట్రకూట" అని ఉంటుంది: గుండియ రాష్ట్రకూట, ఎరియ రాష్ట్రకూట. ఇది వాళ్ళ వంశమా, లేక నాటి అధికారి హోదానా అన్నది వేరే చర్చ. దాన్ని బోర్డులోకి తేకండి.

తర్వాత దాదాపు మూడు వందల ఏళ్ళు ఈ కుటుంబం తన పేరు వాడుకుంటూ పోయింది గాని దానికి వివరణ రాయించుకున్నట్టు కనబడదు. మహామండలేశ్వర, అనుమకొండ పురవరేశ్వర, పరమ మాహేశ్వర అని బిరుదులు వరసగా వస్తాయి, ఆ చివర కాకతి ప్రోలరాజు అనో కాకతీయ రుద్రదేవ అనో పేరు వస్తుంది. అంతే. వివరణ అక్కర పడింది గణపతిదేవుని కాలంలో. రాజ్యం సముద్రం దాకా పెరిగింది, పెద్ద రాజ్యానికి పెద్ద వంశావళి కావాలి గదా.

ఆ కాలంలో రెండు ముఖ్యమైన మాటలున్నాయి. ఒకటి బయ్యారం చెరువు శాసనం. వేయించింది గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ, నతవాడి రుద్రుని భార్య. ఆ ఊరు మన మహబూబాబాద్ జిల్లాలోనే ఉంది. దుర్జయ వంశంలో వెన్నరాజు పుట్టాడనీ, అతడు కాకతిలో ఉండి ఏలాడు కాబట్టి అతని వారికి కాకతీశులని పేరు వచ్చిందనీ అందులో ఉంది. అక్కడి నుంచి గుండన పేరున్న వాళ్ళు, ఎర్రన, బేతరాజు, ప్రోలరాజు అని వరస దిగుతుంది. మాగల్లులో ఉన్న గుండ, ఎర్ర, బేత పేర్లే ఇక్కడ మళ్ళీ తగులుతాయి. అందుకే ఈ వంశావళికి నేను విలువ ఇస్తాను. మూడు వందల ఏళ్ళ దూరంలో, వేరే రాజు ఆస్థానంలో రాసిన మాగల్లు రాగిరేకులతో పేర్లు కలవడం చిన్న విషయం కాదు.

రెండోది 1260 నాటి గారవపాడు శాసనం. కరికాల చోళుడు వేటకు వచ్చి కాకతి అనే పట్టణంలో విడిది చేశాడని చెబుతుంది. కరికాలుడి ముచ్చటను చరిత్రగా తీసుకోవద్దు. కావేరికి కట్ట కట్టించిన కరికాలుని కులం మాది అని తెలుగు చోళులు తమ శాసనాల్లో చెప్పుకునేవాళ్ళు, ఆ గొప్ప నాడు అందరికీ కావలసిందే. కాని ఆ కథలో కూడా కాకతి ఊరే.

అంటే కుటుంబం తన గురించి తాను చెప్పుకున్న రెండు చోట్లా కాకతి ఒక ఊరు. అమ్మవారన్న మాట ఎప్పుడు వచ్చింది? 15వ శతాబ్దిలో. విద్యానాథుని అలంకారశాస్త్ర గ్రంథం ప్రతాపరుద్ర యశోభూషణానికి మల్లినాథసూరి కొడుకు కుమారస్వామి రాసిన రత్నాపణ వ్యాఖ్యలో: "కాకతి అనేది దుర్గాశక్తి, ఏకశిలా నగరాన్ని (ఓరుగల్లును) ఏలే వారి కులదేవత, ఆమె భజనీయ కాబట్టి కాకతీయుడు" అని. ఓరుగల్లు 1323లో పడిపోయింది. అంటే రాజ్యం పోయిన తర్వాత, ఒక పండితుడు పదానికి చెప్పిన వ్యుత్పత్తి అది. చదువుకున్న మాటే, తీసిపారేసేది కాదు. సాక్ష్యంగా మాత్రం రెండో వరసలో నిలబడుతుంది.

శబ్దరూపం:
పైన చెప్పిన దానికి వ్యాకరణం వైపు నుంచి ఒక చేర్పు. చాలామంది "ఈయ ప్రత్యయం ఉంది కాబట్టి భక్తుడని అర్థం, కాబట్టి అమ్మవారే" అని తేల్చేస్తారు. ఆ వాదన నిలవదు.

కాకతి అన్న మాటలో మొదటి అచ్చు ఆ. మొదటి అచ్చు ఆ, ఐ, ఔ లలో ఒకటైన పదాన్ని పాణిని "వృద్ధ" మంటాడు. "వృద్ధాచ్ఛః" (4.2.114) అన్న సూత్రంతో దానికి ఛ ప్రత్యయం వస్తుంది, ఆ ఛకారం ఈయ్ అవుతుంది. కాకతి చివరి ఇకారం "యస్యేతి చ" (6.4.148) వల్ల లోపిస్తుంది. కాకత్ + ఈయ = కాకతీయ. మీరడిగిన దీర్ఘం ఇదే, కోటవాకిలి గారూ. తీలో ఉన్నది కాకతి ఇకారం కాదు, ప్రత్యయంలోని ఈకారం. కాబట్టి "కాకతియ" తప్పు. "కాకాతీయ" ఇంకా తప్పు, రెండో అక్షరానికి దీర్ఘం రావడానికి ఎక్కడా ఆధారం లేదు. హిందీలో రాయించేటప్పుడు కూడా ఇది చూసుకోండి. ఇంగ్లీషు అక్షరాల నుంచి ఎక్కించుకుంటే దీర్ఘం పోయి చివర "యా" వచ్చి చేరుతుంది, "కాకతియా" అవుతుంది. తెలుగు నుంచే ఎక్కించమని చెప్పండి.

ఇక అర్థం. ఈ ఛ ప్రత్యయం ఒక్క భక్తికే రాదు. అక్కడ పుట్టినవాడు, అక్కడ ఉండేవాడు, అక్కడి నుంచి వచ్చినవాడు, దానికి చెందినవాడు, ఇన్ని అర్థాలకూ వస్తుంది. కుమారస్వామి "భక్తిః" (4.3.95) అన్న అర్థాన్ని పట్టుకున్నాడు, ఎందుకంటే ఆయనకు తెలిసిన కాకతి దేవత. కాకతి ఊరనుకున్నవాడు "తత్ర భవః" (4.3.53) పట్టుకుంటాడు. రూపం రెండింటికీ అదే. పదం దేవతను ఒప్పుకుంటుంది, ఊరినీ ఒప్పుకుంటుంది. తేల్చేది వ్యాకరణం కాదు, శాసనం.

ఇంకో మాట. కాకతీయ అన్నది సంస్కృతంలో దిద్దుకున్న రూపం. తెలుగు వచనంలో "కాకతి" అని పొట్టిగానే ఎక్కువ నడిచింది. శాసనాల్లో కాకతి, కాకిత, కాకత్య, కాకతీయ అని రకరకాలుగా ఉంటుంది. ఇన్ని రకాలుగా రాశారంటే అది సంస్కృతంలో పుట్టిన మాట కాదనీ, జనం నోట్లో ఉన్న దేశి పేరును ఎవరికి తోచినట్టు వాళ్ళు సంస్కృతంలోకి తెచ్చారనీ నా నమ్మకం. సంస్కృతపు మాటే అయితే లేఖకులు ఇంత తడబడరు.

మట్టెవాడ:
గుమ్మడికాయ ముచ్చట నేను చెప్త. ఇది మన దగ్గర మస్తు మంది చెప్తరు, పుస్తకాలల్ల గూడ ఎక్కింది. మూలం ఎక్కడున్నదో చూద్దాం.

వాదన ఇట్ల నడుస్తది: కాకతి అంటె కర్కటి, కర్కటి అంటె కూష్మాండం, కూష్మాండం అంటె గుమ్మడి, కూష్మాండిని అంటె జైనుల యక్షి అంబిక, 22వ తీర్థంకరుడు నేమినాథుని శాసనదేవత (అంటె ఆయన ధర్మానికి కాపు దేవత). కాకతీయులు మొదట జైనులు, గనుక పేరు ఆ దేవతది. చూసెటందుకు గొలుసు బాగనే ఉన్నది, గని రెండో కడియం దగ్గర్నే తెగుతది. అమరకోశం తీసి చూడుండ్రి: "కూష్మాండకస్తు కర్కారుః, ఉర్వారుః కర్కటీ స్త్రియౌ". కూష్మాండానికి పర్యాయం కర్కారు. కర్కటి అంటె ఉర్వారు, అంటె దోస. రెండు పేర్లు శ్లోకంల ఒకే వరసల పక్కపక్కన ఉన్నయి, అందుకే కలిసిపోయినయి. పైగ కర్కటిల ఉన్నది టకారం, కాకతిల తకారం. కర్కటి తెలుగులకు వస్తె ట పోయి త ఎందుకైతది?

జైనం సంగతి మాత్రం నిజమే, దాన్ని పేరుతోని ముడిపెట్టకుంట విడిగ చెప్పుండ్రి. హన్మకొండ పద్మాక్షి గుట్ట మీద రాతికి చెక్కిన తీర్థంకరుల బొమ్మలు ఇప్పటికి ఉన్నయి. గుడి ముందట నిలువుగ నల్లరాతి స్తంభం ఉంటది, నాలుగు దిక్కుల బొమ్మలు, కింద శాసనం. అది 1117 నాటిది. రెండో ప్రోలరాజు మంత్రి బేతన ప్రెగ్గడ భార్య మైలమ కడలాలయ బసది (జైన గుడి) కట్టించినట్టు అండ్ల ఉన్నది. పిల్లలకు జైనం చూపియ్యాల్నంటె ఆ స్తంభం దగ్గర నిలబెట్టి చూపియ్యుండ్రి, అది కండ్ల ముందటి రుజువు. ఈ మైలమ వేరు, బయ్యారం మైలాంబ వేరు, ఇద్దరి నడుమ నూరేండ్లున్నయి. కలిపి రాసిన కాగితాలు చూసిన.

కాకి ముచ్చటకు ఒక్క శాసనం ఆధారం లేదు. వదిలెయ్యుండ్రి.

అమ్మవారి గురించి ఒక్క మాట. పైన లిపిబడి సార్ ఒక్క వ్యాఖ్యనే చెప్పిండ్రు. ఓరుగల్లు వీధులను వర్ణించిన పాత తెలుగు కావ్యం క్రీడాభిరామంల "కాకతమ్మకు సైదోడు ఏకవీర" అని ఉన్నది. సైదోడు అంటె తోడబుట్టినంత దగ్గరిది. ఏకవీర మన మొగిలిచర్ల అమ్మవారు. అంటె కాకతమ్మ పండితుని ఊహల పుట్టిన దేవత కాదు, జనం మొక్కిన తల్లి. బోర్డు మీద ఊరు అని మాత్రమే రాసి ఆమెను పక్కకు పెడితె అన్యాయమైతది.

లిపిబడి:
మట్టెవాడ అన్నా, ఒప్పుకుంటున్నాను. ఏకవీర పక్కన కాకతమ్మను చెప్పిన ఆ వాక్యం నేను ముందే చెప్పాల్సింది. కాకతమ్మ అనే దేవత ఉండడం వేరు, వంశానికి పేరు ఆమె నుంచి రావడం వేరు. మొదటిది ఆ వాక్యంతో గట్టిపడుతుంది, రెండోది కుమారస్వామి మాట మీదే ఆగుతుంది. మన ఊళ్ళల్లో ఊరి పేరే అమ్మవారికి, అమ్మవారి పేరే ఊరికి ఉండడం మామూలే. ఈ రెండు సమాధానాలు ఒకదాన్నొకటి కొట్టుకోవు. కాకతి అనే ఊరు, ఆ ఊరి తల్లి కాకతమ్మ, ఆ ఊరు ఏలినవాళ్ళు కాకతీయులు. మూడూ ఒక్కచోట ఇముడుతాయి.

కోటవాకిలి:
చాలా స్పష్టమైంది, ధన్యవాదాలు. ఇంకా మూడు సందేహాలు. కాకర్త్య నుంచి కాకతికి ఎట్లా వచ్చింది? ఆ కాకతి ఊరు ఇప్పుడెక్కడ? కర్ణాటకలో బెళగావి పక్కన కాకతి అనే ఊరుందంటున్నారు. చివరిది, వేయిస్తంభాల గుడి శాసనానికి కొన్నిచోట్ల 1162 అనీ కొన్నిచోట్ల 1163 అనీ ఉంది. ఏది వేయాలి?

లిపిబడి:
చివరి దానితో మొదలుపెడతాను, అది లెక్క కాబట్టి. శాసనంలో ఉన్నది శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. వడ్డవారం అంటే శనివారం. శకానికి 78 కలిపితే 1162 వస్తుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. కాని చైత్రంతో మొదలైన శకవర్షంలో మాఘం వచ్చేసరికి అవతల జనవరి దాటిపోతుంది. పుష్యం మధ్య నుంచి ఫాల్గుణం దాకా ఉన్న తిథులకు 79 కలపాలి. కాబట్టి 1163, జనవరి 19. ఆ రోజు శనివారమే, వారం కూడా సరిపోయింది. ఏ శాసనం తేదీ వేసినా ఈ మూడూ చూడండి: మాసం ఏది, సంవత్సరం పేరు కలిసిందా, వారం కలిసిందా. మాసం లేకుండా ఒక్క శకవర్షమే ఉంటే 1244–45 అన్నట్టు జంటగా వేయండి. మోటుపల్లి శాసనానికి (శక 1166, క్రోధి) అట్లా వేస్తారు.

బెళగావి పక్కన కాకతి ఉన్నమాట నిజమే, కిత్తూరు రాణి చెన్నమ్మ పుట్టిన ఊరు. కాని పేరు ఒకటి కావడం తప్ప రెంటినీ కలిపే శాసనం లేదు. ఒకే పేరున్న ఊళ్ళు దేశంలో ఎన్ని లేవు! బోర్డు మీద ఊరు ఎక్కడుందో రాయకండి. "కాకతి అనే ఊరు" చాలు.

కాకర్త్య సంగతి కొంచెం చిక్కు. ర్త లో రేఫ (రకారం) పోవడం తెలుగులో మామూలే, కాని పోయినప్పుడు తకారం జంట అవుతుంది. కర్తరి కత్తెర అయినట్టు. ఆ లెక్కన కాకర్త్య "కాకత్తి" కావాలి. మనకున్నది ఒంటి తకారం. కాబట్టి కాకర్త్య ముందు, దాని నుంచి కాకతి అని నేరుగా గీత గీయడం కుదరదు. కాకతి అన్న నోటిమాటను సంస్కృతం రాసే లేఖకుడు పెద్దగా ధ్వనించేట్టు కాకర్త్య అని దిద్దాడనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. శబ్దరూపం గారు చెప్పిన తడబాటుకు ఇది మొదటి ఉదాహరణ.

పిల్లలకు రాతి మీద ఈ పేరు చూపించాలనుకుంటే రెండు జాగ్రత్తలు. వేయిస్తంభాల గుడి రాయి నునుపు పట్టిన నల్లరాయి. ఎదురుగా ఫ్లాష్ వేస్తే మెరుపు తప్ప అక్షరం రాదు. పొద్దున్నే వాలు వెలుతురులో తీయండి, లేదా టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వేయండి. గాడిలో నీడ పడితేనే అక్షరం లేస్తుంది. ఒకే వరసకు ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీస్తే నిలువు గీత, అడ్డగీత, తలకట్టు మూడూ దొరుకుతాయి. ఒక్క దిక్కు నుంచే తీస్తే వెలుతురుకు సమాంతరంగా ఉన్న గీత మాయమవుతుంది, ప, వ ఒకటిగా కనబడతాయి. సుద్ద, పసుపు, నూనె రాయనివ్వకండి. సుద్దతో దిద్దితే చదివినవాడి ఊహే రాతి మీద నిలిచిపోతుంది, తర్వాతి వాడికి అసలు గాడి కనబడదు. కాగితం పరిచి సిరాతో అచ్చు తీయాలంటే పురావస్తు శాఖ అనుమతి ఉండాలి, అది రక్షిత కట్టడం.

శబ్దరూపం:
చదివేటప్పుడు ఇంకొక ఉపాయం. పేరు శ్లోకంలో పడితే ఛందస్సును అడగండి. కాకతి గురువు, లఘువు, లఘువు. కాకర్త్య గురువు, గురువు, లఘువు. కాకతీయ గురువు, లఘువు, గురువు, లఘువు. రాయి చెదిరి రేఫ ఉందో లేదో తెలియనప్పుడు, గుడిదీర్ఘం చెదిరిపోయినప్పుడు, ఆ పాదంలో ఏ గణం కావాలో చూస్తే చాలాసార్లు అక్షరం తేలుతుంది. వచనంలో ఈ సాయం దొరకదు. అక్కడ మీ చదువును చదరపు కుండలీకరణంలో పెట్టి, అనుమానం ఉన్న అక్షరం పక్కన ప్రశ్న గుర్తు వేయడమే పద్ధతి.

కోటవాకిలి:
ఇట్లా రాశాను, దిద్దండి: "కాకతీయులు కాకతీదేవిని పూజించడం వల్ల వారికి ఆ పేరు వచ్చింది. వీరి మొదటి రాజధాని కాకతీపురం. 956లో మాగల్లు శాసనంలో కాకతీయ అన్న పేరు మొదటిసారి కనిపిస్తుంది."

లిపిబడి:
మూడు చోట్ల దిద్దాలి. మొదటి వాక్యంలో కారణం తేల్చి చెప్పారు, అది ఎవరి మాటో చెప్పాలి. రెండో వాక్యంలో "రాజధాని" వద్దు, శాసనం చెప్పింది వెన్నరాజు అక్కడ ఉండి ఏలాడనే. పెద్ద రాజధాని అనుమకొండ, తర్వాత ఓరుగల్లు. మూడో వాక్యంలో పేరు కాకర్త్య అనే ఉండాలి, మనం అలవాటుగా కాకతీయ అని దిద్దేస్తే అసలు విషయమే పోతుంది. ఇట్లా పెట్టండి:

"ఈ వంశం పేరు మొదట క్రీ.శ. 956 నాటి మాగల్లు శాసనంలో 'కాకర్త్య' అని కనబడుతుంది. కాకతి అనే ఊళ్ళో ఉండి ఏలినందున ఈ పేరు వచ్చిందని గణపతిదేవుని కాలపు బయ్యారం శాసనం చెబుతుంది. కాకతి వీరి కులదేవత అని 15వ శతాబ్ది వ్యాఖ్యాత కుమారస్వామి రాశాడు. ఓరుగల్లులో కాకతమ్మను కొలిచేవారు."

మట్టెవాడ:
బాగుంది. చివర "కొలిచేవారు" కాడ "కొలిచేవారని క్రీడాభిరామం చెబుతుంది" అని పెట్టుండ్రి. పిల్లగాండ్లు ఎక్కడున్నదని అడిగితె చూపియ్యాలె గదా. మొగిలిచర్ల ఏకవీర గుడి గూడ బస్సు దారిలనే ఉంటది, వీలైతె ఆ దిక్కు తీస్కపోండ్రి.

కోటవాకిలి:
మార్చాను. హిందీ వాక్యం తెలుగు నుంచే ఎక్కించమని చెప్పాను, తీ దీర్ఘం అచ్చు కాగితం మీద ఒకసారి చూసుకొని రాయికి పంపిస్తాను.